ఏడో నిమిషంలో ఆగే ఇంజను

ఉప్పుతిప్పలో ఎవరిని అడిగినా పడవ జయరామయ్యది, ఇంజను రూఫస్‌ది అని చెబుతారు. నిజానికి రెండూ కొన్నది జయరామయ్యే. అయినా పొద్దున ఆరున్నరకు రేవులో తాడు లాగి ఇంజనును లేపే చెయ్యి పదకొండేళ్లుగా రూఫస్‌దే. ఒకసారి అతను జ్వరమొచ్చి పడుకుంటే జయరామయ్య రెండు రోజులు గడకర్రతో పడవను తోసుకుపోయాడు గానీ, ఇంకొకణ్ణి దాని మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆ మాట రూఫస్ చెవిన పడ్డప్పుడు జ్వరం సగం తగ్గిపోయింది.

పులికాట్ సరస్సులో అరవై ఇళ్లున్న చిన్న దీవి అది. అక్కడి బడి రెండో తరగతితో సరి. మూడో తరగతికి వచ్చిన పిల్లలు, తడ దగ్గర కంపెనీల్లో పనిచేసేవాళ్లు, చేపల బుట్టలతో సంతకు పోయే ఆడవాళ్లు అందరూ ఆ పడవెక్కి అవతలి గట్టుకు చేరాల్సిందే. గట్టు మీదికి ఏడుంపావుకు కంపెనీ బస్సు వస్తుంది. అది ఎవరి కోసమూ ఆగదు.

రూఫస్ తండ్రి బతికినన్నాళ్లూ ఇదే నీళ్ల మీద గడ వేసినవాడు. గడ ఆనించీ ఆనించీ ఆయన కుడి భుజం మీద దోసెడంత కాయ కాసింది. ఆ కాయను చూస్తూ పెరిగిన రూఫస్ పదిహేనో ఏట సూళ్లూరుపేటలో ఒక మోటారు షెడ్డులో చేరి, ఏడేళ్లు పని నేర్చుకుని తిరిగొచ్చాడు. చదువు తొమ్మిదితో ఆగింది గానీ చెవి మాత్రం గట్టిది. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, "బేరింగు పోయింది" అన్నాడంటే విప్పి చూసినవాళ్లకు పోయిన బేరింగే కనిపించేది. గట్టు మీద చిన్న షెడ్డు వేసుకుని పగలంతా మోటారు సైకిళ్లు, నీళ్ల మోటార్లు బాగుచేసేవాడు. పొద్దున, సాయంత్రం పడవ. ఈ లోకంలో నీకేముందయ్యా అంటే భార్య అబిగయీలు, కూతురు నవోమి, ఆ తర్వాత ఇంజను అని ఈ వరసలోనే చెప్పేవాడు. మనసులో మాత్రం వరస ఒక్కోరోజు మారేది.

అలాంటి తిప్ప మీదికి ఆ ఏడు జూన్ నెలలో పెంచలకృష్ణ వచ్చాడు.

పెంచలకృష్ణది దొరవారిసత్రం దగ్గర వరి పండించే కుటుంబం. సైన్యంలో చేరి పద్దెనిమిదేళ్లు ఉత్తరాన మంచు కొండల్లో బండ్లు బాగుచేసి, పింఛను తీసుకుని వచ్చేశాడు. భార్య భానుప్రియ నర్సు. ఆమెకు తిప్ప మీద ఉద్యోగం, ఉండటానికి క్వార్టరు ఇచ్చారు కాబట్టి కాపురం అక్కడ పెట్టారు. ఆయనకు తడలో ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ పని దొరికింది. రోజూ అదే పడవ.

మొదటి వారంలోనే పడవంతా ఆయన చుట్టూ చేరింది. ఆయన బాగుచేసినవి మంచు స్కూటర్లట. వాటికి చక్రాలుండవు, ముందు రెండు జారుడు పట్టీలు, వెనక రబ్బరు పట్టా. మంచు మీద లారీ దిగబడే చోట అవి పరుగెత్తుతాయి. పొద్దున్నే లేపాలంటే ఇంజను మీద గుడారం కప్పి, లోపల పొయ్యి పెట్టి, పసిబిడ్డకు కాపడం పెట్టినట్టు వెచ్చబరచాలి. రాత్రి బ్యాటరీని తమ దుప్పట్లోనే పడుకోబెట్టుకుంటారు. ఇవన్నీ ఆయన గొప్పలు పోకుండా, టీ కాచడం ఎలాగో చెప్పినంత మామూలుగా చెప్పేవాడు. రూఫస్‌కు అసలు మంట అక్కడే. గొప్పలు పోయేవాడైతే వెక్కిరించి సరిపెట్టుకునేవాడు.

పైగా ఆయన రెండు చేతుల చిటికెన వేళ్లూ సగానికే ఉండేవి. మంచుకు నల్లబడిపోతే కోసేశారట. మిగిలిన వేళ్లు వెదురు కణుపుల్లా లావుగా ఉండేవి. పడవలో కొత్తవాళ్లెవరైనా ఎక్కితే, "అన్నా, వేళ్లు చూపించు" అని ఎవరో ఒకరు అడిగేవాళ్లు. ఆయన చూపించేవాడు. రూఫస్ చేతుల మీద ముప్పై నాలుగేళ్లకు సరిపడా కోతలు, కాలిన మచ్చలు ఉన్నాయి. వాటిని చూపించమని ఎవరూ అడగలేదు.

ఒకరోజు రాత్రి అన్నం తింటూ నవోమి అంది. "నాన్నా, మిలిట్రీ మామ వేళ్లు ఐసులో రాలిపోయినాయంట. నీయి ఎందుకు రాలేదు?"

"నేను జాగ్రత్తగా పనిచేస్తా గాబట్టి," అన్నాడు రూఫస్.

అబిగయీలు కంచంలోంచి తలెత్తి మొగుడి మొహం చూసి, నవ్వు దాచుకోవడానికి మళ్లీ తల దించుకుంది. ఆ నవ్వు కూడా అతను లెక్కలో వేసుకున్నాడు.

డిసెంబరు వచ్చింది. సరస్సు మీద పొద్దున పొద్దున్నే తెల్లగా పొగ పరుచుకునేది. పడవ బల్లలు తుడిచినా మళ్లీ తడిసేవి. చలి అంటే మరీ ఎక్కువేం కాదు, ఆడవాళ్లు చెంగు తల మీదికి లాక్కునేంత. అలాంటి ఒక శనివారం, రేవు నుంచి బయలుదేరిన ఏడో నిమిషంలో ఇంజను నీరసంగా దగ్గి ఆగిపోయింది.

రేవు దాటాక దారి వలగుంజల మధ్య, అంటే వలలు కట్టడానికి నీళ్లలో పాతిన కర్రల మధ్య, సన్నటి కాలువ. అక్కడ అందరూ ఇంజనును నెమ్మదిగా నడిపిస్తారు. ఆ కాలువ చివరికి చేరబోతుండగా ఆగింది. రూఫస్ తాడు లాగాడు, లేవలేదు. మళ్లీ లాగాడు. ఐదు నిమిషాలు గడిచాక, ఏమీ చెయ్యకుండానే, ఒక్క లాగుకు లేచింది. అక్కణ్ణుంచి గట్టు దాకా గుర్రంలా పోయింది.

సోమవారం మళ్లీ అంతే. అదే ఏడో నిమిషం.

రూఫస్ ప్లగ్గు మార్చాడు. పెట్రోలు గాజుసీసాలో పోసి, అడుగున నీళ్లేమైనా దిగుతాయేమోనని గంటసేపు చూశాడు. ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం సూదితో పొడిచాడు. కార్బురేటర్ విప్పి, కడిగి, ఊది, మళ్లీ బిగించాడు. మధ్యాహ్నం షెడ్డు దగ్గర గంటన్నర నడిపితే ఒక్కసారి కూడా తడబడలేదు. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని విన్నాడు. ఇంజను ఆరోగ్యంగా ఉన్న మనిషిలా ఊపిరి తీస్తోంది. సాయంత్రం తిరుగు ప్రయాణం కూడా సాఫీగా సాగింది. మరునాడు పొద్దున ఏడో నిమిషంలో మళ్లీ దగ్గి ఆగింది.

ఆగిన పడవ ఊరికే ఉండదు. ఉత్తరపు గాలికి పక్కకు కొట్టుకుపోతుంది. పక్కన నీళ్లలో మునిగీ మునగని వలగుంజలు. పిల్లలు ఎనిమిది మంది. రూఫస్ తాడు లాగుతూనే ఒక కంట వాళ్లను చూసుకునేవాడు. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, ఎవరికి ఈత వచ్చు, నవోమి అంచుకు ఎంత దూరంలో ఉంది. బస్సు రెండుసార్లు తప్పిపోయింది. అబిగయీలుకు కంపెనీలో రెండు పూటలు సగం హాజరే పడింది.

మంగళవారం సాయంత్రం రేవులో దిగుతూ జయరామయ్య, అందరూ వింటుండగానే అడిగాడు. "ఏం కృష్ణా, చలికి ఆగే ఇంజన్లను కాచినోడివి గదా. ఇదేందో ఒక మాట చెప్పు."

రూఫస్ చేతిలో ఉన్న పెట్రోలు డబ్బా కింద పెట్టాడు. పదకొండేళ్లలో ఆ ఇంజను గురించి జయరామయ్య ఇంకొకరిని అడగడం అదే మొదటిసారి.

పెంచలకృష్ణ ఇంజను ముట్టుకోలేదు. మూడు ప్రశ్నలడిగాడు. ఎన్ని నిమిషాలకు ఆగుతుంది, ఎన్ని నిమిషాలకు తిరిగి లేస్తుంది, సాయంత్రం ఎప్పుడైనా ఆగిందా. జవాబులు విని, కాసేపు గడ్డం గోక్కుని, "లోపల ఐసు కడతాంది," అన్నాడు.

 ముందుగా అందుకున్నది రూఫస్.

"ఓయమ్మో! రెబెక్కమ్మత్తా, ఇంకేం, రేపటి నుంచి నీకు చేపలకు ఐసు కొనే పనే లేదు. మా ఇంజను కాసి ఇస్తాదంట!"

పడవంతా ఘొల్లుమంది. చేపల రెబెక్కమ్మ బుట్ట పట్టుకుని మరీ నవ్వింది. "సామీ, నెల్లూరు సీమలో ఐసు కట్టేదంటే ఇంక ఎండాకాలం ఏడకి పోవాల?"

కృష్ణ కూడా నవ్వాడు. "నవ్వండి, తప్పు లేదులే. మా భాను సూదేసే ముందు చేతికి స్పిరిటు రాస్తాది గదా, అది ఆరేటప్పుడు జిల్లుమంటాది. పెట్రోలూ అంతే. ఆవిరయ్యేటప్పుడు కార్బురేటర్ గొట్టంలో వేడంతా లాగేస్తాది. ఇరవై డిగ్రీలుండే గాలి అక్కడికొచ్చేసరికి సున్నా అవుతాది. ఈ గాల్లో తడి ఎంతుండాదో మీకు తెలుసు. ఆ తడంతా లోపల గాలిని వదిలే మూత మీద గడ్డకడతాది. గాలి దారి మూసుకుంటాది. ఇంజను ఆగినాక దాని వేడే పైకి పాకి ఐసు కరిగిపోతాది. అందుకే ఐదు నిమిషాలకు లేస్తాంది."

"మరి మీ కొండల్లో ఇంకా ఎక్కువ కట్టాల గదన్నా?" అన్నాడు రూఫస్.

"పైన తక్కువ. ఆడ గాలి ఎండిపోయుంటాది. కింద తడి లోయల్లోకి దిగితేనే ఈ పీడ." ఆయన తన చేతులు చూసుకుని, "నా వేళ్లు ఆ గొట్టంలో పట్టవు. రేపు ఆగిన వెంటనే, ఒక్క నిమిషం కూడా జాగు చెయ్యకుండా, నువ్వే గాలి జల్లెడ తీసి చిటికెన వేలు పెట్టి చూడు రూఫసూ. ఆలస్యమైతే కరిగిపోతాది. దొంగ దొరకడు," అన్నాడు.

బుధవారం పొద్దున పడవలో పిల్లలు సైతం నిమిషాలు లెక్కపెట్టారు. ఏడో నిమిషంలో ఇంజను దగ్గి ఆగింది. రూఫస్ ఒక్క మర తిప్పి జల్లెడ ఊడదీశాడు. అందరికీ వీపు పెట్టి వంగి, చిటికెన వేలు గొట్టంలోకి తోశాడు.

గరుకుగా తగిలింది. వేలెముకలోకి జిల్లుమని చలి పాకింది. గోటితో గీరితే గోరు పట్టేంత తెల్లటి ముక్క వేలి కొసకు అంటుకుని బయటికొచ్చింది. ఉప్పుతిప్పలో, పులికాట్ మీద, తన ఇంజనులో ఐసు. ముప్పై నాలుగేళ్లలో అంత వింతైన వస్తువును అతను ముట్టుకోలేదు. ఎవరికైనా చూపించాలని గుండె ఎగిరింది.

"ఉందా?" అన్నాడు వెనక నుంచి కృష్ణ.

ఆ గొంతులో ఆత్రం లేదు. ఉంటుందని తెలిసినవాడి గొంతు. రూఫస్ పిడికిలి మూశాడు. ఒక్క చుక్క నీరు అరచేతిలో పాకింది.

"ఏం లేదన్నా. పెట్రోలు తడి, అంతే."

"ఏమీ లేదా?"

"వేలు పెట్టినోణ్ణి నేనా నువ్వా?"

కృష్ణ ఒక్క క్షణం అతని వైపు చూసి, "అట్టయితే నా లెక్క తప్పు," అన్నాడు. అంత తేలిగ్గా అనేసరికి రూఫస్‌కు ఇంకా ఒళ్లు మండింది. గట్టు చేరేదాకా పడవ కృష్ణను ఆటపట్టించింది. మిలిట్రీ అన్నా, రేపు మా నీళ్ల కుండలో కూడా ఐసు చూడు. మా ఆయన మొహం మీద ఏమైనా కట్టిందేమో చూడన్నా. రూఫస్ వింటూ కూర్చున్నాడు. ఆరు నెలలుగా దొరకని సుఖం అది, గట్టు దాకా సాగింది.

గట్టు మీద దిగాక నవోమి కృష్ణ చొక్కా అంచు పట్టుకుంది. "మామా, మంచు స్కూటర్ల గురించి కూడా నువ్వు అబద్ధమే చెప్పినావా?"

"లేదమ్మా," అన్నాడు కృష్ణ వంగి. "ఇంజను గురించి తప్పు చెప్పినా. తప్పు వేరు, అబద్ధం వేరు."

రూఫస్ తాడు చుట్టుకుంటూ ఈ మాట విన్నాడు. వినలేదన్నట్టు షెడ్డు వైపు నడిచాడు.

షెడ్డులో కూర్చుంటే అసలు ప్రశ్న ఎదురొచ్చింది. ఐసు కడుతోంది, సరే. గడిచిన పది డిసెంబర్లలో ఎందుకు కట్టలేదు? సరస్సు అదే, తేమ అదే. అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

దసరాకు ఆయుధపూజ. ఏటా ముందురోజు రూఫసే ఇంజను విప్పి, కడిగి, వెండి రంగు కొట్టి జయరామయ్యకు అప్పజెబుతాడు. పూజ జయరామయ్యది, మెరుపు రూఫస్‌ది. పసుపూ కుంకుమా పెట్టేటప్పుడు తను దూరంగా నిలబడినా, అందరూ ఇంజను నిగనిగను మెచ్చుకుంటుంటే వింటాడు. ఆ ఏడు సైలెన్సర్ పక్క నుంచి గాలి జల్లెడ దాకా ఉండే వంపు రేకు తుప్పు పట్టి, మసి కొట్టి, ఎంత రుద్దినా తెల్లబడలేదు. "ఆ నల్ల రేకు దరిద్రంగా ఉండాది అబ్బయా, దానికి బొట్టేడ పెట్టాల?" అన్నాడు జయరామయ్య. అది గట్టిగా పట్టి ఉంచేది కూడా ఏమీ కనిపించలేదు. రూఫస్ రెండు మరలు విప్పి దాన్ని పాత ఇనుము వాడికిచ్చేశాడు. ఇంజను పెళ్లికొడుకులా మెరిసింది.

ఆ రేకు పని ఇప్పుడు అర్థమైంది. సైలెన్సర్ వేడి తగిలిన గాలిని జల్లెడలోకి పంపడం. తయారుచేసినవాడు తెలిసే పెట్టాడు. అది పోయాక ఇంజను సరస్సు మీది పచ్చి గాలిని పీలుస్తోంది. ఎండగా ఉన్న అక్టోబరులో ఏమీ కాలేదు. చలి పడగానే పట్టుకుంది.

నూనె డబ్బా రేకు కత్తిరించి, వంచి, రెండు చిల్లులు పొడవడానికి అతనికి అరగంట పట్టింది. బిగించడానికి రెండు నిమిషాలు చాలు. కానీ మర్నాడే బిగిస్తే? కృష్ణ చెప్పిన మరునాడే ఇంజను బాగైందని అందరికీ తెలిసిపోతుంది. రెండు రోజులు ఆగితే ఆ మాట పాతబడుతుంది. అప్పుడు బాగుచేసింది రూఫస్ అవుతాడు. రేకును గోనెసంచి కింద పెట్టాడు.

గురువారం ఇంజను ఆగింది. బస్సు దొరికింది, అదృష్టం. శుక్రవారం గాలి ఎక్కువగా ఉంది. ఆగిన పడవ పక్కకు తిరిగి వలగుంజకు దబ్బున తగిలింది. నవోమి బల్ల మీదికి బోర్లా పడింది. పెదవి చిట్లి గౌను మీద రక్తం కారింది. అబిగయీలు పిల్లను ఒళ్లోకి లాక్కుని, "ఇంకెన్నాళ్లయ్యా ఇట్టా?" అంది. అది కోపంగా అనలేదు, భయపడి అంది. కృష్ణ తన రుమాలు తడిపి పిల్ల పెదవికి అద్దాడు. రూఫస్ తాడు పట్టుకుని నిలబడ్డాడు. లాగినా ఇప్పుడే లేవదని, ఎందుకు లేవదో, ఎప్పుడు లేస్తుందో ఆ పడవలో తెలిసినవాడు తనొక్కడే.

ఆ సాయంత్రమే రేకు బిగించాడు.

శనివారం ఏడో నిమిషం వచ్చింది, పోయింది. ఇంజను ఆగలేదు. కాలువ దాటి పెద్దనీళ్లలోకి రాగానే పిల్లలు చప్పట్లు కొట్టారు. జయరామయ్య మీసం సవరించుకున్నాడు. "చూసినారా, మా రూఫసు చెయ్యి పడితే దయ్యమైనా దిగాల్సిందే. ఏంది రా ఆ కొత్త రేకు?"

"తేమ పడకుండా మూత," అన్నాడు రూఫస్.

దిగేటప్పుడు కృష్ణ ఇంజను దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. రేకు చివర అరచెయ్యి పెట్టి చూశాడు. అక్కణ్ణుంచి వెచ్చటి గాలి లోపలికి పోతోంది. రూఫస్ మొహం వైపు చూశాడు. "మంచి పని చేసినావు," అని చెప్పి బస్సు వైపు నడిచిపోయాడు. నలుగురిలో కేకలేసి ఉంటే, నా మాటే గదా అని ఉంటే రూఫస్‌కు జవాబు సిద్ధంగా ఉంది. ఆయన ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఆ మౌనం చూసి కూడా అతను అసూయపడ్డాడు. అంతలా ఊరుకోగలిగిన మనిషికి లోపల ఎంత చోటుందో అనుకున్నాడు.

ఆదివారం చర్చిలో ఆరాధన మధ్యలో సాక్ష్యాల సమయం వచ్చింది. ఆ వారం దేవుడు చేసిన మేలు ఉన్నవాళ్లు లేచి చెప్పాలి. అబిగయీలు ఎప్పుడూ లేచే మనిషి కాదు. ఆరోజు లేచింది. ముసుగు సవరించుకుని, పక్కన చిట్లిన పెదవితో కూర్చున్న నవోమి తల మీద చెయ్యి వేసి చెప్పింది. "పిల్లలూ మేమూ అందరం వారమంతా నీళ్ల మధ్య భయపడ్డాం. దేవుడు నా భర్తకు జ్ఞానం ఇచ్చినాడు. ఎవరికీ అంతుబట్టంది ఆయనకు చూపించినాడు. దేవునికి స్తోత్రం." అందరూ స్తోత్రం అన్నారు. మగవాళ్ల వైపు కూర్చున్న రూఫస్ పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

ఇంటికొచ్చాక ఆమె చేపలు తోముతుంటే పక్కన పీట వేసుకుని కూర్చుని అంతా చెప్పాడు. ఐసు, పిడికిలి, ఆయుధపూజ రేకు, గోనెసంచి కింద రెండు రోజులు. ఆమె చేతిలో కత్తి కదలకుండా ఆగిపోయింది.

"శుక్రవారం రేకు నీ షెడ్డులోనే ఉండిందా?"

"ఉండింది."

"పిల్ల మొహం పగిలినప్పుడు నీకు తెలుసునా?"

అతను తలాడించాడు. ఆమె చేపలు కడిగి, నీళ్లు పారబోసి, చేతులు తుడుచుకుని వచ్చింది. "ఆయన మీద అంత కుళ్లు ఎందుకయ్యా నీకు? ఆయనేం తీసుకున్నాడు నీది?"

"ఇంకా తీసుకోలా. తీసుకుంటాడేమోనని."

"నేను దేవుని ఇంట్లో నిలబడి అబద్ధం చెప్పినాను, నీ వల్ల. రేపు పడవలో నువ్వు చెప్పు. లేదంటే వచ్చే ఆదివారం మళ్లీ నేనే లేచి చెప్తా."

సోమవారం రేవుకు అతను అందరికంటే ముందు వెళ్లాడు. జనం చేరాక, పడవ కట్టు విప్పకముందే చెప్పాడు. బుధవారం తన వేలికి ఐసు తగిలిందని, కృష్ణన్న చెప్పింది నిజమని.

ఎవరూ నమ్మలేదు.

"పోన్లే, మంచి మనసు నీది," అన్నాడు జయరామయ్య. "ఆయన చిన్నబుచ్చుకున్నాడని ఇట్టా అంటుండావు. ఇంజనులో ఐసేందిరా, పిల్లలు కూడా నవ్వుతారు." రెబెక్కమ్మ, "రూఫసూ, నీకు కూడా మిలిట్రీ గాలి తగిలిందా?" అంది. కృష్ణ మాత్రం పడవ చివర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

రూఫస్ రెండు మరలు విప్పి రేకు తీసేశాడు. తాడు లాగాడు. కట్టేసిన పడవలో ఇంజను నెమ్మదిగా తిరుగుతుంటే అందరూ చూస్తూ కూర్చున్నారు. "బస్సు పోతాది రా," అన్నాడు జయరామయ్య. "ఏడు నిమిషాలు మామా. ఏడే," అన్నాడు రూఫస్.  ఐసు కట్టకపోతే అబద్ధాలకోరుగా మిగులుతాడు. కట్టినా అంతే.

ఇంజను దగ్గింది. ఆగింది.

అతను జల్లెడ ఊడదీసి ఫోను లైటు వేశాడు. "రా మామా. తొందరగా."

జయరామయ్య వంగి చూశాడు. గొట్టం లోపల మూత చుట్టూ, గోడల మీద, తెల్లగా గరుకుగా, ఉప్పు మడిలో తేలిన ఉప్పులా మెరుస్తోంది. ఆయన చిటికెన వేలు పెట్టి చప్పున వెనక్కి లాక్కున్నాడు. "నారాయణా," అన్నాడు. తర్వాత రెబెక్కమ్మ. ఆ తర్వాత పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ. నవోమి వేలు పెట్టేసరికి సగం కరిగిపోయింది. అయినా కేకేసింది.

"బుధవారం ఇదే ఉండింది," అన్నాడు రూఫస్. "లేదని చెప్పినా. రేకు ఆయుధపూజకు తీసేసింది నేనే. కొత్తది కోసి రెండు రోజులు దాచి పెట్టింది కూడా నేనే. ఆ రెండు రోజుల్లోనే నవోమి పడింది."

 ముందుగా నోరు తెరిచింది రెబెక్కమ్మ. "ఓరి నీ వేలు మండా! నీ మూలంగా రెండు రోజులు నా చేపలు సంతకు ఆలస్యంగా పోయి మెత్తబడి వెనక్కొచ్చినాయి గదరా!"

కొందరు నవ్వారు. జయరామయ్య నవ్వలేదు. "రేకు తియ్యమన్నది నేను. అది నా తప్పు. ఉన్నదాన్ని లేదన్నది నీ తప్పు. పిల్లలు ఉండే పడవరా ఇది." ఆయన కృష్ణ వైపు తిరిగాడు. "ఈ తేమ రోజులు పోయేదాకా ఇంజను నువ్వు చూడు కృష్ణా. రూఫసు నీ పక్కన కూర్చుంటాడు. తర్వాతి సంగతి తర్వాత చూద్దాం."

ఏ మాటకు భయపడి అతను ఇంత చేశాడో అదే మాట.  కృష్ణ వద్దంటాడేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు. కృష్ణ వద్దనలేదు. ముందుకొచ్చి, రేకు అందుకుని బిగించి, తాడు పట్టుకున్నాడు.

లాగాడు. లేవలేదు. మళ్లీ లాగాడు. చిటికెన వేళ్లు లేని పిడికిలిలో తాడు జారుతోంది. మూడోసారీ లేవలేదు. పడవంతా రూఫస్ వైపు చూసింది. అబిగయీలు కూడా చూసింది. చలికి, తడికి ఆ ఇంజను ఏమడుగుతుందో అతనికి తెలుసు. చెప్పకపోతే ఇంకో పది లాగులు లాగుతాడు, బస్సు పోతుంది, జనం ఆయన మీద పళ్లు కొరుకుతారు.

"చోకు పూర్తిగా మూయొద్దన్నా," అన్నాడు చివరికి. "సగం పెట్టు. సగానికి కూడా ఒక వెంట్రుక తక్కువ. తాడును మణికట్టుకు ఒక చుట్టు వేసుకో."

నాలుగో లాగుకు ఇంజను లేచింది.

పడవ కాలువలోకి జరిగింది. తన చోట ఇంకొకడు కూర్చుని ఉండగా రూఫస్ పక్క బల్ల మీద, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లోపల మంట అలాగే ఉంది. ఒప్పుకుంటే ఆరిపోతుందని అనుకున్నాడు గానీ ఆరలేదు. అబిగయీలు అతని వైపు చూడకుండానే తన టిఫిన్ సంచి జరిపి, అతని కాళ్లకు చోటిచ్చింది.

నవోమి వచ్చి ఇద్దరి మధ్య ఇరుక్కుంది. "మామా, నీ మంచు స్కూటరులో ఐసు కడితే మరి ఎవరు వేలు పెట్టినారు?"

కృష్ణ కళ్లు ముందున్న గుంజల మీద పెట్టి చెప్పడం మొదలుపెట్టాడు. ఒక లోయ, ఒక తడి పొద్దున, మంచులో నిలిచిపోయిన మూడు బండ్లు. ఇంజను చప్పుడుకు సగం మాటలు గాలికి పోతున్నాయి. రూఫస్ తల తిప్పకుండానే, బల్ల మీద జానెడు దూరం కృష్ణ వైపు జరిగాడు.